తాతయ్యా, ఆయన గొట్టమూ

దేవుడు మా తాతయ్య దగ్గర ఒక్క ఆర్నెల్లు పని నేర్చుకుని ఉంటే, లోకంలో ఇన్ని మొరలు గాలిలో కలిసిపోయేవి కావు. గట్టిగా ఏడ్చినవాడి మాట ముందు వినాలా, మెల్లగా గొణిగినవాడి మాట ముందు వినాలా అన్న విషయంలో దేవుడికి ఇప్పటికీ ఒక పద్ధతంటూ లేదు. మా తాతయ్యకి ఉంది. ఆ పద్ధతి ఒక నీళ్ళ గొట్టం.

తాతయ్య ఎవరు నోటితో చెప్పినా వినడు. చెవుడు కాదు. వీధి చివర ఎవరో తుమ్మితే ఫలానావాళ్ళకి జలుబు చేసిందని చెప్పగలడు. కానీ ఎదురుగా నిలబడి, "తాతయ్యా, ఒక మాట" అన్నామా, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, "చీటీ వేశావా?" అంటాడు. ఇల్లు అంటుకుందని చెప్పినా అదే అంటాడు. నేను పెంచి చెబుతున్నానని మీరనుకుంటారు. సగమే పెంచాను. ఒకరోజు స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని చెప్పాను. "చీటీ" అన్నాడు. రాసి వేశాను. ఆయన దాన్ని తీసి, చదివి, లేచి వెళ్ళి స్టవ్ కట్టేసేసరికి గిన్నెలో మాడు వాసన తప్ప ఏమీ మిగల్లేదు.

"నువ్వే కట్టెయ్యొచ్చు కదే" అన్నాడు.

"నాకు చీటీ రాలేదు కదా" అన్నాను.

"పర్వాలేదు, నీకు కొంచెం కొంచెం ఎక్కుతోంది" అన్నాడు.

ఆ గొట్టం సంగతి చెప్పాలి. ముందుగదిలో అమ్మమ్మ మంచం పక్కన, మంచం ఎత్తులో, గోడకి ఒక బూడిదరంగు గొట్టం మూతి ఉంటుంది. అక్కణ్ణుంచి అది కాస్త వాలుగా గోడ వెంబడి వెళ్ళి, కంత గుండా వెనకగదిలోకి దూరి, తాతయ్య కుర్చీ కాళ్ళ దగ్గర తేలుతుంది. చెప్పదలచుకున్నది చీటీ మీద రాసి, ఖాళీ మందు డబ్బీలో పెట్టి, మూత బిగించి, మంచం పక్కన వంగి గొట్టంలో వదలాలి. డబ్బీ గడగడమని దొర్లుకుంటూ పోయి అవతల ఆగుతుంది. ముందు వదిలింది ముందు తేలుతుంది. తాతయ్య ఒక్కొక్కటే తీసి, చదివి, పని చూసి, రెండోది తీస్తాడు. డబ్బీలకి కొదవ లేదు. అమ్మమ్మ రోజుకి తొమ్మిది రకాల మాత్రలు మింగేది.

మాకందరికీ నడుం నొప్పి తెప్పించింది ఆ మూతి ఎత్తే. మనిషి నిలబడి వేసేలా పెట్టొచ్చు కదా అని అడిగితే, "ఎత్తు నుంచి పడితే డబ్బీ మూత ఊడుతుంది" అని కొట్టిపారేసేవాడు.

అమ్మమ్మకి పక్షవాతం వచ్చిన నెలకి నేనూ అమ్మా ఆ ఇంటికి మారాం. అమ్మ ఆవిణ్ణి చూసుకోవడానికి వచ్చింది. నేను ఎందుకొచ్చానంటే నాకు వేరే పని లేదు గనక. కంప్యూటర్ కోర్సు రెండో ఏడాదిలో కాలేజీని నేను మానేశానో, నన్ను కాలేజీ మానేసిందో ఇప్పటికీ తేలలేదు. మేం వెళ్ళేసరికే గొట్టం గోడ మీద ఉంది. ముసలితనంలో తాతయ్యకి మతి కొంచెం తప్పిందని, ఉద్యోగంలో ఉన్నప్పటి పిచ్చి ఇంటికి పట్టుకొచ్చాడని అందరూ అన్నారు. నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా.

ఆయన ఉద్యోగం కంప్యూటర్ తెరల మీద కిటికీలు, అంటే విండోలు, పెట్టడం. ఆస్పత్రి కౌంటర్లలో, గ్రంథాలయాల్లో గుమస్తాలు నొక్కే బటన్లు, నింపే గళ్ళు, వాటి వెనక నడిచే ప్రోగ్రాములు ముప్ఫై ఏళ్ళు రాశాడు. నాకు కాలేజీలో ఎక్కనిదంతా ఆయన ఒక్క మధ్యాహ్నంలో చెప్పేశాడు.

"ప్రోగ్రాం అంటే ఏం చేస్తుందనుకున్నావు?"

"చకచకా లెక్కలు చేస్తుంది."

"ఏమీ చెయ్యదు. కూర్చుంటుంది. ఎవరో మౌస్ నొక్కుతారు, ఒక చీటీ వస్తుంది. మీట నొక్కుతారు, ఇంకో చీటీ. ముందుది తీస్తుంది, ఏ కిటికీదో చూస్తుంది, దానికి అందిస్తుంది. మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. మూసెయ్యమని చీటీ వచ్చేదాకా అదే పని."

"ఇది మా కాలేజీ గుమస్తాలాగే ఉందే."

"గుమస్తాకి మధ్యలో టీ ఉంటుంది. దీనికి లేదు."

"మరి ఏ కిటికీకీ అర్థంకాని చీటీ వస్తే?"

"పారెయ్యకూడదు. మామూలు పద్ధతి అని ఒకటుంటుంది, దానికి ఇచ్చెయ్యాలి. మనకి తెలియనివన్నీ అదే చూసుకుంటుంది. కిటికీని జరపడం, పెంచడం, తగ్గించడం, మనం కనిపెట్టనివన్నీ. లోకం నడిచేది దానివల్లే, పేరు మాత్రం మనకొస్తుంది."

"ఒక చీటీ దగ్గరే చాలాసేపు కూర్చుంటే?"

ఆయన మొహం గంభీరమైపోయింది, చనిపోయిన చుట్టం గురించి అడిగినట్టు. "వెనకవన్నీ పేరుకుపోతాయి. తెర తెల్లబడుతుంది. నొక్కేవాడు అది చచ్చిపోయిందనుకుంటాడు. చావదు. లోపల ఉంటుంది. కాకపోతే నీకు జవాబు చెప్పలేకపోతుంది, అంతే." తర్వాత, "అలా అనుకునే చాలామంది కరెంటు తీసేస్తారు" అన్నాడు.

అప్పుడాయన ముందుగది వైపు ఎందుకు చూశాడో నేను పట్టించుకోలేదు. నాకు అర్థంకానివాటి జాబితా అప్పటికే పెద్దది.

ఆయన చీటీకి నాలుగు గళ్ళు ఉండేవి. ఎవరికి, ఏమిటి, ఒక వివరం, ఇంకో వివరం. ప్రోగ్రాములకి వచ్చే అసలు చీటీల్లోనూ అంతేనట. మూడో వివరం ఉంటే ఆయన చదవడు. అమ్మ చీటీలు చూడముచ్చటగా ఉండేవి. "ఎవరికి: నాన్నకి. ఏమిటి: భోజనం. వివరం: చల్లారుతోంది. ఇంకో వివరం: నేను కూడా."

దీనివల్ల నిజంగా కష్టపడింది మా మామయ్య. ఆయన రెండు వీధుల అవతల ఉంటాడు. గొట్టాల పని చేస్తాడు. ఊళ్ళో సగం కుళాయిలు ఆయన చేతి మీదే కారడం మానేశాయి, తక్కిన సగం ఆయన చేతి మీదే మొదలుపెట్టాయి. మనిషి మంచివాడు గానీ ఏదీ క్లుప్తంగా చెప్పలేడు. "నాన్నా, నిన్న ఏమైందంటే" అని మొదలుపెట్టాడంటే అటుమొన్నటి నుంచి వస్తాడు. ఒకసారి చీటీ వెనకా ముందూ నింపి, ఇంకో రెండు కాగితాలు జతచేసి డబ్బీలో కుక్కబోతే మూత పట్టలేదు.

"పెద్ద విషయాన్ని చీటీలో పెట్టరురా. ఒకచోట పెట్టి, ఎక్కడ పెట్టావో ఆ చోటు రాస్తారు" అన్నాడు తాతయ్య.

మామయ్యకి ఇది బాగా నచ్చింది. ఆ ఆదివారం చీటీలో, "వివరం: నా నీలం చొక్కా జేబులో ఉంది" అని రాశాడు. తాతయ్య ముందున్న డబ్బీలన్నీ వరుసగా చూసి మామయ్య డబ్బీ దాకా వచ్చేసరికి మంగళవారం అయింది. నడిచి మామయ్య ఇంటికి వెళ్ళాడు. నీలం చొక్కా దండెం మీద ఆరుతోంది. జేబులో తెల్లటి ముద్ద ఉంది.

"చిరునామా సరిగ్గానే ఉంది. సరుకు లేదు" అన్నాడు తాతయ్య.

"ఏం రాశానో నోటితో చెప్పేస్తాను నాన్నా."

"ముప్ఫై ఏళ్ళు నేను కుర్రాళ్ళ మీద అరిచింది దీని గురించే. అవతలివాడు చదివేదాకా చొక్కా ఉతకొద్దని."

ఆ చీటీలో ఏముందో మామయ్యకి కూడా తర్వాత గుర్తు రాలేదు.

ఇంక అమ్మమ్మ. ఆవిడ పాతికేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చెప్పింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం దగ్గర ఆగిందో ఒకే ఊపిరిలో చెప్పేది. ఇంట్లోనూ అంతే. "మొదటి గదిలో ఉన్న మనవరాలు వెంటనే స్నానానికి బయలుదేరవలెను, నీళ్ళు మరికొద్ది నిమిషాల్లో చల్లారిపోవును" అనేది. ఆవిడ మాట్లాడుతుంటే తాతయ్యకి రోజుకి నాలుగు మాటల కంటే అవసరం వచ్చేది కాదు. ఎవరేమడిగినా, "అది ఆవిణ్ణి అడుగు" అనేవాడు. ఆ ఇంటికి మామూలు పద్ధతి ఆవిడే.

అలాంటి మనిషికి కుడిచెయ్యి పోయింది. కుడికాలు పోయింది. మాట పోలేదు, అదే బాధ. తెలివి అంతా ఉంది. మాట నోటిదాకా వచ్చి, అక్కడ బస్సు దిగలేని ముసలావిడలా పట్టుకుని వేలాడేది. "మం" అని, చాలాసేపటికి "చి" అని, ఇంకా సేపటికి "నీళ్ళు" అనేది. ఈలోగా మేం ముగ్గురం మంచమా, మంచా, మందా అని పోటీలు పడి, ఆవిడ నోట్లో మాట లాక్కుని, మాత్ర తెచ్చి నోట్లో పెట్టేవాళ్ళం. మాత్ర మింగి, కళ్ళు మూసుకునేది.

తాతయ్య మాత్రం ఒక్కసారి కూడా ఆవిడ మాట అందుకోలేదు. పైగా ఏం చేసేవాడో తెలుసా, తనకి తెలియని చీటీలన్నిటి మీదా "మామూలు" అని రాసి, తెచ్చి ఆవిడ ఎడమచేతిలో పెట్టేవాడు. ఏ కర్టెన్ వెయ్యాలి, పక్కింటివాళ్ళ నిచ్చెన ఇవ్వాలా వద్దా, నేను మళ్ళీ కాలేజీలో చేరాలా, అన్నీ. ఆవిడ జవాబు చెప్పేదాకా అడిగినవాళ్ళు మంచం దగ్గర స్టూలు మీద కూర్చోవాలి. నిచ్చెన కోసం వచ్చిన పక్కింటాయన ఒక పూట అక్కడే గడిపి, నిచ్చెనా ఆరు బస్సుల వేళలూ పట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

అమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"మంచంలో ఉన్న మనిషికి ఈ పెత్తనాలేంటి నాన్నా? ఆవిణ్ణి కాస్త ప్రశాంతంగా పడుకోనివ్వవా?"

"చీటీ వేశావా?"

"వెయ్యను. నోటితోనే చెబుతున్నాను. విను."

ఆ రోజు మొదటిసారి ఆయన చీటీ లేకుండా జవాబు చెప్పాడు. "తెర మీద కిటికీ ఉంటుంది, బొమ్మా ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకటే. చీటీలు వచ్చినంతకాలం అది కిటికీ. రావడం ఆగిపోయాయా, బొమ్మ. మీ అమ్మని నువ్వు బొమ్మని చేస్తానంటున్నావు. నేను చెయ్యను."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పి చాలాసేపు గిన్నెలు కడిగింది. అవి అప్పటికే కడిగిన గిన్నెలు.

ఎండలు ముదిరిన నెలలో అమ్మమ్మకి మళ్ళీ ఆస్పత్రి. డాక్టరు నెమ్మదస్తుడు, ఏదీ దాచకుండా చెప్పాడు. తలలో ఇంకోచోట గడ్డకట్టింది. ఆపరేషన్ చేస్తే ఏడాది, అదృష్టం బాగుంటే రెండేళ్ళు ఉండొచ్చు, కానీ మిగిలిన ఆ కాస్త మాటా పోవడం ఖాయం. చెయ్యకపోతే మాట ఉంటుంది, మనిషి కొన్ని వారాలు. గురువారం సాయంత్రంలోగా చెప్పమన్నాడు.

ఇంటికి తీసుకొచ్చాం. తాతయ్య వచ్చీరాగానే సంచీ సర్దాడు. రెండు దుప్పట్లు, ఆవిడ దువ్వెన, ఫ్లాస్కు, మందుల కాగితాలు పెట్టాడు. ఆపరేషన్‌కి అందరికంటే ముందు సిద్ధమైంది ఆయనే. ఆ రెండు రోజులూ ఎవరేం అడిగినా సంచీలో ఏదో ఒకటి తీసి మళ్ళీ మడత పెట్టేవాడు.

గురువారం మధ్యాహ్నం మామయ్య వచ్చాడు. వస్తూనే మొదలుపెట్టాడు. "ఇందులో ఆలోచించేదేముంది? మనిషి ఉండటం ముఖ్యం. మాటదేముంది, మనకి అర్థం కాదా ఆవిడకేం కావాలో?"

"అదే నేనూ అంటున్నాను" అంది అమ్మ.

మంచం మీంచి "నే" అని వినబడింది. మామయ్య ఆగలేదు. అమ్మ ఆగలేదు. నేను ఆగాను గానీ ఆపలేదు.

తాతయ్య వెనకగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "చీటీలు" అన్నాడు.

"ఇప్పుడు కూడానా నాన్నా?" అన్నాడు మామయ్య.

"ఇప్పుడే."

మామయ్య కోపంగా రాసి వేశాడు. తర్వాత అమ్మ. తర్వాత నేను. ఆఖరున అమ్మమ్మకి కాగితం కింద అట్ట పెట్టి, పెన్సిలు ఎడమచేతి వేళ్ళ మధ్య దూర్చాను. ఆవిడ రాయడం మొదలుపెట్టింది. మామయ్య గోడ గడియారం చూశాడు, చేతి గడియారం చూశాడు, రెండూ ఒకేలా లేవని మెల్లగా గొణిగాడు. తాతయ్య బయట ఏదో పనున్నట్టు వీధి గుమ్మంలోకి వెళ్ళాడు. ముప్పావు గంటకి, నేను డబ్బీ పట్టుకుంటే అమ్మమ్మ ఎడమచేత్తో మూత బిగించి, తనే గొట్టంలోకి తోసింది. తర్వాత తాతయ్య లోపలికొచ్చి, నిలబడే తన చీటీ రాసి, వంగి తన డబ్బీ కూడా వదిలాడు. ప్రోగ్రాములు తమకి తామే చీటీలు వేసుకుంటాయని ఆయన చెప్పగా విన్నానే గానీ, ఆయన వేసుకోవడం అదే మొదటిసారి చూడటం.

అందరం వెనకగదిలో ఆయన కుర్చీ చుట్టూ చేరాం. మామయ్య చీటీ: చేయిద్దాం. అమ్మ చీటీ: చేయిద్దాం. నా చీటీ ఖాళీ. తాతయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పరీక్షలో కూడా ఇలాగే ఇచ్చావా?" అన్నాడు. నేను తలూపాను. ఎవరూ నవ్వలేదు.

నాలుగో డబ్బీ తీశాడు. అక్షరాలు గొట్టంలో దొర్లి దొర్లి వచ్చినట్టున్నాయి. ఆయన దాన్ని మాకు చదవలేదు. పట్టుకుని ముందుగదిలోకి నడిచి, స్టూలు మీద కూర్చున్నాడు. మేం వెనకే వెళ్ళాం.

"ఎవరికి అన్నచోట నా పేరుంది. ఏమిటి అన్నచోట వద్దు అని ఉంది. సరేనా?" అన్నాడు ఆవిడతో.

ఆవిడ రెప్పలు వాల్చింది.

"మొదటి వివరం చదవడం నాకు రావట్లేదు. నోటితో చెప్పు."

నేను ఎదురుగా గడియారం చూస్తూనే ఉన్నాను. పదకొండు నిమిషాలు పట్టింది. మధ్యలో మామయ్య రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ తాతయ్య అటు తిరక్కుండానే చెయ్యెత్తాడు.

"మా ట... పో తే... నే ను... ఉ న్న... ట్టు... కా దు" అంది అమ్మమ్మ.

"రెండో వివరం?"

ఆవిడ మూతి ఎడమవైపు కొంచెం వంగింది. "ఆ... స్ప త్రి... మై కు... ఆ వి డ... బా గా... చె ప్ప దు."

అమ్మ నవ్వబోయి, నవ్వలేక, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"అలా ఎలా కుదురుతుంది? ముగ్గురిలో ఇద్దరం చేయిద్దామన్నాం" అన్నాడు మామయ్య. "నాన్నా, నువ్వు కూడా అదే రాశావని నాకు తెలుసు. ఆ సంచీ చూడు."

"చీటీలు లెక్కపెట్టడానికి కాదురా. ఏ కిటికీదో చూసి దానికి ఇవ్వడానికి. ఇది ఆవిడ కిటికీ."

ఆయన లేచి వెనకగదిలోకి వెళ్ళి, గొట్టం కింద మిగిలిన ఆఖరి డబ్బీ తీశాడు. తన చీటీని తనే తెరిచాడు. భుజం మీంచి నేను చదివేశాను, నాకా సిగ్గు లేదు. "ఏమిటి: చేయించాలి. వివరం: నేనొక్కణ్ణే ఉండలేను." రెండో వివరం ఖాళీ.

"దీని సమయం దాటిపోయింది" అని దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. డాక్టరుకి ఫోన్ చేసి, "వద్దంది" అన్నాడు. మేము వద్దనుకున్నాం అనలేదు. తర్వాత సంచీ విప్పి, దుప్పట్లు తీసి, దువ్వెన మళ్ళీ అమ్మమ్మ తలగడ పక్కన పెట్టాడు.

నాకు ఆయన మీద అసహ్యం పుట్టింది. వీధి గుమ్మంలో మామయ్యతో అనేశాను. "మనిషా, యంత్రమా? ఏదో కాగితం మీద ఉందని వదిలేశాడు. ఆవిడ కంటే ఆ గొట్టం ఎక్కువైపోయింది."

మామయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. జీవితంలో మొదటిసారి సూటిగా మాట్లాడాడు.

"ఆ గొట్టం బిగించింది నేనే. మొదటిసారి ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు. అందాకా ఈ ఇంట్లో చీటీ లేదు, డబ్బీ లేదు."

"మరి ఉద్యోగంనాటి పిచ్చి అన్నారు?"

"ఆయన అలా అనమన్నాడు కాబట్టి అన్నాను. ఆస్పత్రిలో నాలుగు రోజులు మేమందరం అమ్మ మాట మధ్యలో అందుకుంటూనే ఉన్నాం. ఆవిడ అయిదో రోజు నోరు తెరవడమే మానేసింది. నాన్న చూశాడు. ఇంటికొచ్చి, ఆవిడ ఎడమచెయ్యి మంచం మీంచి ఎంతవరకు అందుతుందో దారంతో కొలిచి, మూతి అక్కడ పెట్టమన్నాడు. ఎవరైనా సరే మెల్లగా రాసి, వచ్చి, ఆవిడ పక్కన వంగి, ఆవిడతో పాటు ఆగాలన్నాడు. తన కోసమని తెలిస్తే ఆవిడ ఒక్క పూట కూడా ఒప్పుకోదురా, నాకు మతి పోయిందనుకోనీ అని నాతో అన్నాడు. ఆవిడకి చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు."

నేను లోపలికి వెళ్ళి అమ్మమ్మ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నా మొహం చూస్తూనే ఆవిడకి సంగతి తెలిసిపోయింది. గొట్టం వైపు చూపించి, నింపాదిగా, "నా... కో సం... పె ట్టా డు" అంది. నేను నోరు వెళ్ళబెట్టాను. ఆవిడ వేలు పెదవుల మీద పెట్టుకుని, "చె ప్ప కు... పా పం... ము చ్చ ట... ప డ్డా డు" అంది.

అలా ఇద్దరి రహస్యమూ నా నెత్తిన పడింది. ఒకే రహస్యం, రెండువైపుల నుంచి. పరీక్షలో మూడు మార్కుల జవాబు గుర్తుపెట్టుకోలేని నేను దీన్ని ఏడు వారాలు దాచాను.

ఆ ఏడు వారాలూ అమ్మమ్మ మాట్లాడుతూనే ఉంది. మేం ఆగుతూనే ఉన్నాం. మామయ్య రోజూ పనిముట్ల సంచీతో వచ్చి, స్టూలు మీద కూర్చుని, తన మొత్తం జీవితంలో విన్నదానికంటే ఎక్కువ విన్నాడు. అమ్మకి ఒక పాత చీర సంగతి, మామయ్యకి చిన్నప్పుడు తప్పిపోయి బస్టాండులో దొరికిన రోజు సంగతి, నాకు కాలేజీ సంగతి చెప్పింది. నాకు చెప్పింది మూడే మాటలు, పావుగంట పట్టింది, అవి నేను ఎవరికీ చెప్పను. తాతయ్యతో ఏం మాట్లాడేదో తెలియదు. ఆయన స్టూలు మీద కూర్చున్నప్పుడు మేమందరం ఏదో ఒక పని గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయేవాళ్ళం.

ఒక ఉదయం ఆవిడ కిటికీ తెర తీయమని అడిగి, తీసేలోపల వెళ్ళిపోయింది. తాతయ్య తెర పూర్తిగా తీసి, కొక్కేనికి కట్టి, అప్పుడు వచ్చి ఆవిడ దగ్గర కూర్చున్నాడు.

తర్వాత కొన్నాళ్ళు ఆయన మేం నోటితో చెప్పినదానికల్లా నోటితోనే బదులిచ్చాడు. "భోజనం" అంటే "ఊ" అనేవాడు. వెంటనే అనేవాడు. అంత తొందరగా ఆయన జవాబు చెబుతుంటే మాకే ఏమీ తోచేది కాదు. పక్కింటాయన మళ్ళీ నిచ్చెన అడిగాడు. తాతయ్య చాలాసేపు నిలబడి, "అది" అని ఆగిపోయి, "తీసుకెళ్ళండి" అన్నాడు. మామయ్య ఒకరోజు స్పానరు పట్టుకొచ్చి, గొట్టం తీసెయ్యమంటావా నాన్నా అని అడిగాడు. ఎందుకు, దారికి అడ్డంగా లేదు కదా అన్నాడాయన.

మొన్న మధ్యాహ్నం ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఇదంతా రాద్దామని కాగితాలు పట్టుకుని వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఒక్క విషయం నన్ను తొలుస్తూనే ఉంది.

"తాతయ్యా, నిజం చెప్పు. ఆ గురువారం నీ డబ్బీ ఆవిడ దానికంటే ముందు వచ్చి ఉంటే, ముందు నీ చీటీ చదివి ఉంటే, ఆపరేషన్ చేయించేవాడివి కదూ?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ముందెలా వస్తుందే, మొద్దూ? ఆవిడ రాయడం అయ్యేదాకా నేను గుమ్మం బయట నించునే ఉన్నాను."